ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ (మానవ, రీకాంబినెంట్)

ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ కణాలను విభజన చెందమని పురమాయించే చిన్న ప్రోటీన్. చర్మం పైపొర, కంటి కార్నియా, నోరు, పేగుల లోపలి పొర వంటి కణజాలాల మీద దీని ప్రభావం ఎక్కువ. తెలుగులో బాహ్యచర్మ వృద్ధి కారకం అనవచ్చు గాని, ప్రయోగశాలల్లో అందరి నోటా నలిగే పేరు ఈజీఎఫ్. మానవ ఈజీఎఫ్‌లో 53 అమైనో ఆమ్లాలుంటాయి. అణుభారం సుమారు 6,200 డాల్టన్లు, అంటే ఇన్సులిన్ కంటే కాస్త ఎక్కువ. లాలాజలం, మూత్రం, తల్లిపాలు, కన్నీరు, రక్తంలోని ప్లేట్‌లెట్లు, వీటన్నిటిలోనూ ఇది సహజంగా ఉంటుంది.

పరిశోధకులు నేడు కొనే ఈజీఎఫ్ మనిషి ఒంటి నుంచి తీసింది కాదు. మానవ జన్యువులోని వరుసను బ్యాక్టీరియాలోకో ఈస్ట్‌లోకో ఎక్కించి, ఆ సూక్ష్మజీవుల చేత చేయించినది. సీసా మీద రీకాంబినెంట్ అన్న మాట ఉండేది ఇందుకే. సీసాలో కంటికి ఆనీ ఆనని తెల్లటి పొడి, 100 మైక్రోగ్రాములో, 1 మిల్లీగ్రామో ఉంటుంది. కణాల పెంపకంలో సాధారణంగా వాడేది మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు. ఆ లెక్కన 100 మైక్రోగ్రాముల పొడి 10 లీటర్ల ద్రవానికి సరిపోతుంది. ఇంత తక్కువ చాలడానికి కారణముంది. ఈజీఎఫ్ కణానికి శక్తినివ్వదు, కణం కట్టుబడిలో ఇటుకగా చేరదు. అది బయటి నుంచి అందే కబురు మాత్రమే. ఆ కబురును కల్తీ లేకుండా, ప్రతిసారీ ఒకేలా అందించగలగడమే రీకాంబినెంట్ తయారీ సాధించిన పని.

కనుగొన్న తీరు

ఈజీఎఫ్ కథ వేరే ప్రోటీన్ కోసం జరిగిన వెతుకులాటలో మొదలైంది. 1950లలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విక్టర్ హాంబర్గర్ ప్రయోగశాల ఉండేది. ఇటలీ నుంచి వచ్చిన రీటా లెవీ-మోంటాల్చినీ అక్కడ నాడీకణాల పెరుగుదల మీద పనిచేస్తుండేవారు. కొన్ని ఎలుక కణుతుల్లోని ఏదో పదార్థం కోడి పిండంలో నాడీతంతువులను విపరీతంగా పెంచుతోందని ఆమె గమనించారు. ఆ పదార్థం ఏమిటో తేల్చడానికి జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1953లో ఆమెతో కలిశారు.

ఆ పదార్థం ప్రోటీనా, న్యూక్లిక్ ఆమ్లమా అన్న సందేహం తీర్చుకోవడానికి వారు పాము విషం కలిపి చూశారు. విషంలో న్యూక్లిక్ ఆమ్లాలను విరిచే ఎంజైములుంటాయి కాబట్టి, చురుకు తగ్గితే అది న్యూక్లిక్ ఆమ్లమని తేలుతుంది. తగ్గలేదు సరికదా, ఎన్నో రెట్లు పెరిగింది. నాడుల పెరుగుదలకు కావలసిన పదార్థం విషంలోనే దండిగా ఉందన్నమాట. పాము విషగ్రంథి కూడా ఒక రకం లాలాజల గ్రంథే కదా అని కోహెన్ ఆలోచన ఎలుక దవడ కింది గ్రంథి వైపు మళ్లింది. అక్కడా అది దొరికింది. నాడీ వృద్ధి కారకం అని పేరుపొందిన ఆ పదార్థానికి మంచి వనరు అలా చిక్కింది.

ఆ గ్రంథి సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించినప్పుడు నాడులకు సంబంధం లేని వింత కనిపించింది. మామూలుగా 12 నుంచి 14 రోజులకు తెరుచుకునే కళ్లు 7వ రోజుకే తెరుచుకున్నాయి. 8 నుంచి 10 రోజులకు రావలసిన ముందుపళ్లు 5, 6 రోజులకే మొలిచాయి. శుద్ధి చేసిన నాడీ వృద్ధి కారకంతో ఈ మార్పులు రాలేదు. అంటే ఆ సారంలో రెండో కారకం ఏదో దాగి ఉంది. 1959లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి మారిన కోహెన్, తర్వాతి కాలమంతా ఆ రెండోదాని వెంటే నడిచారు. 1962లో దాన్ని వేరుచేసిన పద్ధతిని ప్రచురించారు. రెప్పలు త్వరగా విచ్చుకోవడానికి చర్మం పైపొర త్వరగా ఎదిగి ముదరడమే కారణమని సూక్ష్మదర్శినిలో తేలాక, ఆ ప్రోటీన్‌కు ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అన్న పేరు స్థిరపడింది. 1972లో ఎలుక ఈజీఎఫ్ అమైనో ఆమ్లాల వరుస పూర్తిగా తెలిసింది.

మానవ ఈజీఎఫ్ మరో దారిలో బయటపడింది. మనిషి మూత్రంలో జీర్ణాశయ ఆమ్లాన్ని తగ్గించే పదార్థం ఒకటుందని, దానికి యూరోగాస్ట్రోన్ అని పేరు పెట్టి, కొందరు వైద్య పరిశోధకులు చాలాకాలంగా వెతుకుతున్నారు. అల్సర్ మందు కోసం ఆ పనిలో ఉన్న బ్రిటన్ రసాయన సంస్థ ఐసీఐకి చెందిన హ్యారీ గ్రెగరీ, 1975లో దాని వరుసను ప్రకటించారు. 53 స్థానాల్లో 37 ఎలుక ఈజీఎఫ్‌తో సరిపోయాయి. కడుపులో ఆమ్లం తగ్గించేదీ, ఎలుక పిల్లల కళ్లు తెరిపించేదీ ఒకే కుదురుకు చెందిన ప్రోటీన్లని ఆనాడు తేలింది. కోహెన్, లెవీ-మోంటాల్చినీలకు వృద్ధి కారకాల ఆవిష్కరణకు గాను 1986లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి సంయుక్తంగా లభించింది.

నిర్మాణం

మానవ ఈజీఎఫ్ జన్యువు 4వ క్రోమోజోము మీద ఉంది. కణం మొదట తయారు చేసేది 1,207 అమైనో ఆమ్లాల పొడవైన పూర్వరూపాన్ని. అది కణత్వచంలో గుచ్చుకుని నిలబడుతుంది. తర్వాత ఎంజైములు దాన్ని కత్తిరిస్తే 53 అమైనో ఆమ్లాల తునక విడివడుతుంది. చురుకైన ఈజీఎఫ్ అదే.

ఈ చిన్న గొలుసులో ఆరు సిస్టీన్లున్నాయి. ఇవి జంటలు జంటలుగా గంధకపు వంతెనలు కడతాయి: 6వది 20తో, 14వది 31తో, 33వది 42తో. ఈ మూడు వంతెనల వల్ల గొలుసు మూడు మడతల ముడిగా బిగుసుకుంటుంది. ఆ బిగువు వల్లే ఈజీఎఫ్ వేడిమినీ ఆమ్లాన్నీ బాగా తట్టుకుంటుంది. అయితే వంతెనలను తెంపే రసాయనం తగిలితే ఆకారం పోతుంది, ఆకారంతోపాటు పనీ పోతుంది. ఇదే మడత నమూనా ప్రకృతిలో చాలాచోట్ల కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే 9వ కారకంలో, పిండం ఎదుగుదలలో పాల్గొనే నాచ్ ప్రోటీన్‌లో, కణజాలానికి సాగుడు గుణమిచ్చే ఫైబ్రిల్లిన్‌లో ఇలాంటి భాగాలున్నాయి. వాటిని ఈజీఎఫ్ తరహా భాగాలనే పిలుస్తారు.

పరిణత మానవ ఈజీఎఫ్‌కు చక్కెర గొలుసులు తగిలించే పని లేదు. అలా తగిలించడం మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాకు చేతకాని పని. కాబట్టి ఆ బ్యాక్టీరియాలో తయారయ్యే ప్రోటీన్ల జాబితాలో ఈజీఎఫ్ సులువుగా చేరింది.

గ్రాహకం, కబురు చేరే దారి

కణత్వచం మీద ఈజీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకం ఉంటుంది. దాని అణుభారం సుమారు 1,70,000 డాల్టన్లు. త్వచం బయట పట్టే భాగం, త్వచంలో దూరి ఉండే చిన్న కాడ, లోపల టైరోసిన్ కైనేజ్ అనే ఎంజైము భాగం, ఇవీ దాని మూడు అంగాలు. ఈజీఎఫ్ కలిపితే కణత్వచ ప్రోటీన్ల మీద ఫాస్ఫేటు చేరడం పెరుగుతుందని కోహెన్ బృందం 1970ల చివర్లో చూపింది. 1980లో ఆ ఫాస్ఫేటు చేరేది టైరోసిన్ మీదని తేలింది. 1984లో గ్రాహకం జన్యువును చదివినప్పుడు, కోళ్లలో రక్త క్యాన్సర్ కలిగించే ఒక వైరస్ జన్యువు ఈ గ్రాహకానికే కత్తిరించిన రూపమని బయటపడింది. ఈజీఎఫ్ తాకకపోయినా నిత్యం ‘విభజన చెందు’ అని కేకవేసే గ్రాహకాన్ని ఆ వైరస్ కణంలోకి మోసుకొస్తోంది. పెరుగుదల శాస్త్రమూ క్యాన్సర్ శాస్త్రమూ అక్కడ కలిశాయి.

గ్రాహకం మామూలు వేళల్లో ముడుచుకుని ఉంటుంది. ఈజీఎఫ్ అణువు వచ్చి దాని రెండు భాగాల మధ్య కూర్చోగానే అది విచ్చుకుని, పక్కనున్న మరో గ్రాహకంతో జతకడుతుంది. రెండింటినీ కలిపే వంతెనగా ఈజీఎఫ్ నిలుస్తుందని ఊహించేవారు. 2002లో వెలువడిన స్ఫటిక నిర్మాణాలు ఆ ఊహను తలకిందులు చేశాయి. గ్రాహకాలే ఒకదాని చేయి ఒకటి పట్టుకుంటాయి. ఈజీఎఫ్ అణువులు జతకు రెండు వైపులా, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. జతకట్టాక లోపలి ఎంజైము భాగాలు ఒకదాన్నొకటి మేల్కొలిపి, తోకల మీది టైరోసిన్లకు ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఆ గుర్తులను పట్టుకుని రాస్, ఈఆర్‌కే, ఏకేటీ వంటి ప్రోటీన్లు వరుసగా మేల్కొని కేంద్రకం దాకా కబురు మోస్తాయి.

కాలం లెక్కా ఆసక్తికరమే. గ్రాహకం మీద ఫాస్ఫేటు చేరడం నిమిషాల్లోనే కొలవవచ్చు. డీఎన్‌ఏ ప్రతికృతి మొదలు కావడానికి గంటల తరబడి పడుతుంది. ఈలోగా ఈజీఎఫ్‌ను పట్టుకున్న గ్రాహకాలను కణం లోపలికి లాక్కుని, చాలామటుకు లైసోజోముల్లో జీర్ణం చేసుకుంటుంది. అందువల్ల పెంపక ద్రవంలో ఈజీఎఫ్ అలాగే మిగిలి ఉండదు, కణాలే దాన్ని హరించేస్తాయి. ద్రవం మార్చినప్పుడల్లా మళ్లీ కలపవలసి వచ్చేది ఇందుకే.

ఇదే గ్రాహకానికి టీజీఎఫ్-ఆల్ఫా, యాంఫిరెగ్యులిన్, బీటాసెల్యులిన్ వంటి మరో ఆరు సహజ జోడీలున్నాయి. గ్రాహకానికీ ముగ్గురు తోబుట్టువులున్నారు, వారిలో హెర్-2 రొమ్ము క్యాన్సర్ వైద్యంలో సుపరిచితమైన పేరు.

రీకాంబినెంట్ తయారీ

తొలినాళ్లలో ఈజీఎఫ్ కావాలంటే ఎదిగిన మగ ఎలుకల లాలాజల గ్రంథులే దిక్కు. పురుష హార్మోను ప్రభావం వల్ల మగవాటిలోనే ఈ ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. మానవ ఈజీఎఫ్ కావాలంటే పెద్దమొత్తంలో మూత్రం సేకరించి వడకట్టాలి. రెండు దారుల్లోనూ వెంటవచ్చే ఇతర ప్రోటీన్ల బెడద తప్పదు. కణం స్పందించింది ఈజీఎఫ్‌కా, దానితో వచ్చిన ఇంకో దానికా అన్న అనుమానం మిగిలిపోయేది.

వరుస తెలిసింది కనుక జన్యువును రసాయనికంగా కూర్చే వీలు చిక్కింది. 1982లో బ్రిటన్ పరిశోధకులు అలా కూర్చిన జన్యువును ఈ.కోలైలో పని చేయించారు. 1983లో అమెరికాలో మరో బృందం ఈస్ట్‌లో పని చేయించింది. తర్వాత, ఈస్ట్ సహజంగా బయటికి పంపే ఆల్ఫా ఫ్యాక్టర్ ప్రోటీన్ ముందుభాగాన్ని ఈజీఎఫ్‌కు అతికించి, తయారైన సరుకును ద్రవంలోకే విడిచేలా చేశారు. 1985 నాటికి, ఈ.కోలై రెండు పొరల నడుమ ఖాళీలోకి ఈజీఎఫ్‌ను పంపించే ఏర్పాటూ కుదిరింది.

తయారీలో అసలు చిక్కు గంధకపు వంతెనల దగ్గరే వస్తుంది. ఈ.కోలై లోపలి వాతావరణంలో అవి ఏర్పడవు. ప్రోటీన్ మడతపడకుండా ముద్దలుగా పేరుకుపోతుంది, లేదా బ్యాక్టీరియా ఎంజైములు దాన్ని కొరికేస్తాయి. ముద్దలను యూరియా వంటి రసాయనంతో కరిగించి, గ్లూటాథయోన్ ఉన్న ద్రవంలో మెల్లగా మడతపడనివ్వాలి. ఆరు సిస్టీన్లు జంటలు కట్టడానికి మొత్తం 15 విధాలున్నాయి. వాటిలో ఒక్కటే సరైనది. తప్పు జంటలు కట్టినవాటి బరువూ సరైనదాని బరువూ ఒకటే కాబట్టి తూకంతో తేడా పట్టుకోలేం. వాటి నడక భిన్నంగా ఉండే క్రొమటోగ్రఫీ గొట్టంలోనే విడదీయాలి. పొరల నడుమ ఖాళీలోనూ, ఈస్ట్ స్రావమార్గంలోనూ వంతెనలు కట్టించే ఎంజైములు ముందే ఉంటాయి కాబట్టి ఈ తంటా తగ్గుతుంది.

తయారీ దారిని బట్టి సరుకులో చిన్న తేడాలు వస్తాయి. ఈ.కోలై లోపల నేరుగా చేయించిన ఈజీఎఫ్‌కు మొదట్లో ఒక మెథియోనిన్ అదనంగా మిగిలి 54 అమైనో ఆమ్లాలు కావచ్చు. ఈస్ట్‌లో చివరి ఒకటి రెండు అమైనో ఆమ్లాలు తెగి 52, 51 ఉన్న రూపాలు రావచ్చు. వీటి చురుకు దాదాపు సమానమే అయినా, సూక్ష్మమైన కొలతలు చేసేవారు తమ సీసాలో ఉన్నది ఏ రూపమో చూసుకోవాలి. బార్లీ మొక్కల గింజల్లో మానవ ఈజీఎఫ్ పండించే పద్ధతిని ఐస్‌లాండ్‌లోని ఒక సంస్థ అభివృద్ధి చేసి, సౌందర్య సాధనాల్లో వాడుతోంది.

నాణ్యత పరీక్షలు

సీసాతో వచ్చే పత్రంలో సాధారణంగా నాలుగు అంశాలుంటాయి. మొదటిది స్వచ్ఛత: జెల్ మీద పరిగెత్తించినప్పుడు ఒకే గీత కనబడాలి, 95 లేదా 98 శాతానికి పైగా ఉండాలని అడుగుతారు. రెండోది గుర్తింపు: మాస్ స్పెక్ట్రోమీటర్ చూపే అణుభారం లెక్కకు సరిపోవాలి.

మూడోది ఎండోటాక్సిన్. ఈ.కోలై పైపొరలోని ఈ కొవ్వు-చక్కెర పదార్థం ప్రోటీన్‌తోపాటు అంటుకుని వస్తుంది. రక్షణ వ్యవస్థకు చెందిన కణాలు దీనికి అతి తక్కువ మోతాదులోనే రేగిపోతాయి. అప్పుడు ఫలితం ఈజీఎఫ్ వల్ల వచ్చిందా, బ్యాక్టీరియా ఆనవాలు వల్ల వచ్చిందా తేలదు. గుర్రపునాడా ఆకారపు సముద్రజీవి రక్తకణాల సారంతో దీన్ని కొలుస్తారు. మైక్రోగ్రాముకు 1 ఎండోటాక్సిన్ యూనిట్ కంటే తక్కువ అన్నది వాడుకలో ఉన్న హద్దు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, జీవ చురుకు. ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు సీరం తగ్గించి, రకరకాల మోతాదుల్లో ఈజీఎఫ్ ఇచ్చి, ఎంత పెరిగాయో కొలుస్తారు. గరిష్ఠ స్పందనలో సగం తెప్పించే మోతాదు మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము అయితే, దాని చురుకు మిల్లీగ్రాముకు 1 కోటి యూనిట్లని రాస్తారు. ఆ మోతాదు ఎంత తక్కువైతే సరుకు అంత చురుకైనది. స్వచ్ఛతలో రెండు సీసాలు సమానంగా ఉన్నా, ఒకదానిలో మడత చెడి ఉంటే ఈ పరీక్షలోనే పట్టుబడుతుంది. మనిషి ఈజీఎఫ్‌కు ఎలుక కణాలు స్పందించడం ఆ రెండింటి పోలికకు నిదర్శనం.

ప్రయోగశాలలో వాడుక

కణాలను గాజుపళ్లెంలో పెంచడానికి ఒకప్పుడు పశువుల సీరమే ఆధారం. సీరంలో వృద్ధి కారకాలు చాలా ఉంటాయి, ప్లేట్‌లెట్ల నుంచి వచ్చిన ఈజీఎఫ్ సహా. అయితే ఏ కారకం ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. ఒక పశువు సీరం ఇంకో దానిలా ఉండదు. సీరం బదులు తెలిసిన పదార్థాలను తెలిసిన కొలతల్లో కలిపే ద్రవాలు వచ్చాక ఈజీఎఫ్ వాటిలో తప్పనిసరి దినుసైంది.

దీని తొలి పెద్ద విజయం చర్మ కణాల పెంపకం. జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ 1975లో మనిషి చర్మపు కెరటినోసైట్ కణాలను పెంచే పద్ధతి చూపారు. ఈజీఎఫ్ కలిపితే ఆ కణాలు ముదిరి ఆగిపోకుండా మరిన్ని తరాలు విభజన చెందుతాయని 1977లో తేల్చారు. తపాలా బిళ్లంత చర్మం నుంచి పెద్ద పొరలు పెంచి, తీవ్రంగా కాలిన రోగులకు అతికించే వైద్యం 1980లలో ఈ పునాది మీదే నిలబడింది.

1992లో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వైస్ ఎదిగిన ఎలుక మెదడు కణాలను ఈజీఎఫ్ ఉన్న ద్రవంలో పెంచితే అవి బంతుల్లా పెరిగి, నాడీకణాలుగానూ వాటి సహాయక కణాలుగానూ మారాయి. ఎదిగిన మెదడులోనూ మూలకణాలున్నాయన్న వాదనకు అది బలమిచ్చింది. 2009లో తొషిరో సాటో, హాన్స్ క్లెవర్స్ బృందం ఒక్క మూలకణం నుంచి పేగు గోడను పోలిన సూక్ష్మ అవయవాన్ని పెంచింది. ఆ వంటకంలోని మూడు ప్రధాన కారకాల్లో ఈజీఎఫ్ ఒకటి, మిగతావి నాగిన్, ఆర్-స్పాండిన్. రోగి కణితి నుంచి ఇలాంటి సూక్ష్మ అవయవాలు పెంచి వాటి మీద మందులను పరీక్షించే పద్ధతి అక్కడి నుంచే విస్తరించింది.

ఎదుగుదలకు కాక, కబురు దారిని చదవడానికీ దీన్ని వాడతారు. కణాలకు కొన్ని గంటలపాటు సీరం ఇవ్వకుండా ఆపి, ఒక్కసారిగా మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఈజీఎఫ్ పోసి, కొద్ది నిమిషాలకే మంచు మీద పెట్టి ఆపేస్తారు. లోపల ఏ ప్రోటీన్‌కు ఎప్పుడు ఫాస్ఫేటు చేరిందో చూస్తారు. గ్రాహకాలు లక్షల సంఖ్యలో ఉండే ఏ-431 అనే మానవ క్యాన్సర్ కణాలు ఈ పరీక్షలకు పేరుపొందాయి.

కరిగించడం, నిల్వ

పొడి గోడలకు, మూతకు అంటుకుని ఉంటుంది కాబట్టి తెరిచే ముందు సీసాను కాసేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగుకు దింపుతారు. తయారీదారు చెప్పిన ద్రవంలో, ఎక్కువగా శుద్ధమైన నీటిలోనో పలుచని ఎసిటిక్ ఆమ్లంలోనో, మిల్లీలీటరుకు 0.1 నుంచి 1 మిల్లీగ్రాము గాఢతలో కరిగిస్తారు. గిలక్కొట్టకూడదు, నెమ్మదిగా కదపాలి. ఇంకా పలుచన చేసేటప్పుడు 0.1 శాతం అల్బుమిన్ వంటి తోడు ప్రోటీన్ చేర్చడం ఆనవాయితీ. లేకపోతే నానోగ్రాముల్లో ఉన్న ఈజీఎఫ్‌లో చాలా భాగం ప్లాస్టిక్ గోడకే అతుక్కుపోయి, లెక్కలో ఉన్నది ద్రవంలో ఉండదు. చిన్న చిన్న వాటాలుగా పంచి మైనస్ 20 లేదా మైనస్ 80 డిగ్రీల వద్ద దాస్తారు. గడ్డకట్టించి కరిగించడం పదేపదే చేస్తే చురుకు పడిపోతుంది. గొలుసులోని 21వ స్థానంలో ఉన్న ఒకే ఒక మెథియోనిన్ గాలి తగిలి ఆక్సీకరణకు లోనవుతుంది కూడా.

పరిశోధన కోసం అమ్మే సీసాల మీద మనుషులకు వాడరాదన్న హెచ్చరిక ఉంటుంది. ప్రోటీన్ అదే అయినా, మందుకు కావలసిన క్రిమిరహిత తయారీ, ప్రతి విడతకూ ఉండవలసిన రికార్డులు ఆ సీసాలకు ఉండవు.

వైద్యంలో

పుండు మాన్పడం ఈజీఎఫ్ నుంచి అందరూ ఆశించిన పని. చర్మం అంటు కోసం పొర తీసినచోట ఈజీఎఫ్ కలిపిన మలాము రాస్తే, రాయనిచోటి కంటే సుమారు ఒకటిన్నర రోజు ముందే మానిందని 12 మంది రోగుల మీద జరిగిన అధ్యయనం 1989లో వెలువడింది. ఆరోగ్యవంతుల పుండు ఎలాగూ మానుతుంది కనుక ఆ తేడా పెద్దగా అనిపించకపోవచ్చు. మధుమేహుల పాదాల మీది మొండి పుండ్ల సంగతి వేరు. అక్కడ ఎంజైములు ఎక్కువై, పైన రాసిన ప్రోటీన్‌ను త్వరగా నాశనం చేస్తాయి.

ఈ చిక్కుకు క్యూబా శాస్త్రవేత్తలు సూదిని ఆశ్రయించారు. హవానాలోని జన్యు ఇంజినీరింగ్, జీవసాంకేతిక కేంద్రం తయారు చేసిన హెబెర్‌ప్రాట్-పి అనే ఈజీఎఫ్ మందును పుండు అంచుల్లోకి, అడుగులోకి నేరుగా ఎక్కిస్తారు. 2006లో ఇది క్యూబాలో నమోదైంది. పైపూతగా వాడే దారిలో ముందున్నవాటిలో హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ ఒకటి. ఆ సంస్థ రీజెన్-డి పేరుతో రీకాంబినెంట్ మానవ ఈజీఎఫ్ జెల్‌ను తెచ్చింది. మధుమేహ పాదవ్రణాలకు ఉద్దేశించిన రకంలో గ్రాము జెల్‌కు 150 మైక్రోగ్రాముల ఈజీఎఫ్ ఉంటుంది. ప్రయోగశాలలో మిల్లీలీటరుకు నానోగ్రాములు చాలితే, పుండుకు గ్రాముకు మైక్రోగ్రాములు కావలసి రావడం గమనించదగ్గది. కబురు చేరేలోపే చెరిపేసేవి పుండులో చాలా ఉంటాయి. ఇలాంటి మందులు చక్కెర అదుపు, చచ్చిన కణజాలం తీసేయడం, పాదం మీద భారం తగ్గించడం అనే మూల చికిత్సకు తోడుగానే పనికొస్తాయి.

హైదరాబాద్‌లోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ, రసాయనాలు పడి కార్నియా అంచు మూలకణాలు నశించిన రోగులకు, ఆరోగ్యంగా ఉన్న కంటి నుంచి తీసిన చిన్న తునకను ప్రయోగశాలలో పొరగా పెంచి అతికించే చికిత్సను ఈ శతాబ్ది ఆరంభం నుంచి చేస్తూ వచ్చింది. అలాంటి పెంపక ద్రవాల్లో రీకాంబినెంట్ ఈజీఎఫ్ ఒక దినుసు. ఇక్కడ ప్రోటీన్ రోగికి మందుగా చేరదు, అతికించబోయే కణాలకు పళ్లెంలోనే పని చెబుతుంది.

క్యాన్సర్ వైద్యానిది ఎదురుదారి. ఊపిరితిత్తి, పెద్దపేగు, తల-మెడ క్యాన్సర్లలో చాలావాటికి ఈజీఎఫ్ గ్రాహకం అతిగా ఉండటమో, మార్పు చెంది ఉండటమో కనిపిస్తుంది. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు గ్రాహకం లోపలి ఎంజైమును ఆపుతాయి. సెటుక్సిమాబ్ అనే ప్రతిదేహం ఈజీఎఫ్ కూర్చునే చోటును మూసేస్తుంది. గ్రాహకంలో కొన్ని ప్రత్యేక మార్పులున్న ఊపిరితిత్తి క్యాన్సర్లే గెఫిటినిబ్‌కు గట్టిగా స్పందిస్తాయని 2004లో తేలడం, కణితి జన్యువును చూసి మందు ఎంచుకునే పద్ధతికి బాటవేసింది. ఈ మందులు తీసుకునేవారికి మొటిమల్లాంటి దద్దుర్లు రావడం మామూలు. చర్మానికి రోజూ అందవలసిన కబురు ఆగిపోయిందనడానికి అది ఆనవాలు. క్యూబాలోనే తయారైన సీమావాక్స్ టీకాలో రీకాంబినెంట్ మానవ ఈజీఎఫ్‌ను ఒక బ్యాక్టీరియా ప్రోటీన్‌కు అతికిస్తారు. దానివల్ల రోగి ఒంట్లో ఈజీఎఫ్‌కు వ్యతిరేకంగా ప్రతిదేహాలు పుట్టి, కణితికి అది అందకుండా చేస్తాయి. ఒకే దేశం ఒకే ప్రోటీన్‌ను ఒక మందులో కణాలను పెంచడానికీ, మరో మందులో ఆపడానికీ వాడుతోంది.

పరిమితులు

ఈజీఎఫ్ ఎక్కువైతే పెరుగుదల ఎక్కువవుతుందన్న సూత్రం అన్ని కణాలకూ వర్తించదు. గ్రాహకాలు అతిగా ఉన్న ఏ-431 కణాలకు నానోమోలార్ మోతాదులో ఈజీఎఫ్ ఇస్తే అవి పెరగడం మాని మందగిస్తాయి. అదే మోతాదులో చర్మకణాలు పెరుగుతాయి. కబురు ఒకటే అయినా, వినే కణాన్ని బట్టి జవాబు మారుతుంది.

పళ్లెంలోని పరిస్థితి శరీరంలోని పరిస్థితి కాదన్నది మరో హద్దు. మిల్లీలీటరుకు 10 నానోగ్రాములంటే అణువుల లెక్కలో దాదాపు లక్ష కోట్లు. కణజాలంలో ఈజీఎఫ్ పక్క కణం నుంచి కొద్దికొద్దిగా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా చేరుతుంది. పళ్లెంలో అన్ని కణాలనూ ఒకేసారి ముంచెత్తుతుంది. ఎక్కువకాలం ఈజీఎఫ్‌లో పెరిగిన కణాలు అదే తమ సహజ స్థితి అన్నట్టు మారిపోయే ప్రమాదం ఉంది. ఖర్చు ఇంకో అడ్డంకి. జంతువును చంపకుండా మాంసకణాలను ట్యాంకుల్లో పెంచాలనుకునే పరిశ్రమకు వృద్ధి కారకాల ధరే పెద్ద భారమైంది.

రీకాంబినెంట్ ఈజీఎఫ్ ప్రయోగశాలలకు ఇచ్చింది ఒకే రకమైన కబురు. హైదరాబాద్‌లోనైనా హవానాలోనైనా ఒకే వరుస, ఒకే మడత, ఒకే చురుకు ఉన్న ప్రోటీన్‌తో పనిచేస్తేనే ఒకరి ఫలితాన్ని ఇంకొకరు సరిచూడగలరు. అందుకే ఈజీఎఫ్ వాడిన పరిశోధన పత్రంలో ఆ పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఏ జీవి వరుస, 53 అమైనో ఆమ్లాలా 52నా, దేనిలో చేయించింది, ఏ విడత సరుకు, ఎంత గాఢత, ఎంతసేపు ఉంచారు అన్న వివరాలన్నీ రాస్తేనే ఆ ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయగలరు.